చెప్పి పోవుట

2025వ సంవత్సరము జూలై మాసమున ఆస్ట్రేలియా ఖండమునుండి వచ్చిన ఒక వార్తను మన విద్యార్థులలో పలువురు చదివియే యుందురు. ఐరోపానుండి వచ్చి ఆ దేశమున ఒంటరిగా తిరుగుచుండిన యువతి యొకతె, పశ్చిమ ఆస్ట్రేలియా రాష్ట్రములో గోధుమ పొలములు ముగిసి అడవి మొదలగు ప్రాంతమున, కనబడకపోయెను. పదునొకండు రాత్రులు గడచిన పిమ్మట ప్రాణములతో దొరకెను. రక్షకభటులును, విమానములును వెదకుచుండగా, తుదకామెను చూచినది తన పనిమీద ఆ దారిని వాహనము నడుపుకొనుచు పోవుచుండిన స్థానిక స్త్రీ యొకతె. అది యక్కడ చలికాలము. గుంటలలో నిలిచిన వాననీరు త్రాగి, ఒక గుహలో తల దాచుకొని ఆమె బ్రతికెనట.

ఈ వార్త వచ్చిన దినమున మా ఉపాధ్యాయుల గదిలో విరామపు గంట మొదలు మరల తరగతుల గంట మ్రోగువఱకును అదియే చర్చ. ఒకరు, "ఆడుపిల్లకు ఒంటరిగా అడవిదారి యేల?" అనిరి. మఱియొకరు ఆమె తల్లిదండ్రులను తలచుకొని నిట్టూర్చిరి. లెక్కల ఉపాధ్యాయులు విమానము ఒక గంట గాలిలో తిరుగుటకు ఎంత వ్యయమగునో నోటిలెక్క వేయసాగిరి. మేమును వెనుకబడలేదు. "ఒంటరిగా పోవుటయే తప్పు, తక్కినవన్నియు దాని వెంట వచ్చినవే" అని తీర్పు చెప్పి, సుద్దముక్క తీసికొని తరగతికి పోయితిమి. ఆ తీర్పు తొందరపడి చెప్పినదని నేడు మా యభిప్రాయము. అట్లు మాఱుటకు కారణము ఒక జాబు.

మావద్ద చదివి, ఇప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్తు నగరమున పై చదువు చదువుచున్న పూర్వవిద్యార్థి యొకడు కొన్ని మాసముల తరువాత మాకిట్లు వ్రాసెను: "మాస్టరుగారూ, ఈ సెలవులలో నేనొక్కడనే కారులో లావర్టన్ అను ఊరినుండి నడిమి ఎడారుల మీదుగా ఉలూరు కొండవఱకు పోదలచితిని. ఈ సంగతి మా నాయనగారికి తెలియనీయకండి. వారు తిట్టుదురు, అమ్మ అన్నము మానివేయును. తిరిగి వచ్చిన పిమ్మట నేనే చెప్పెదను." ఆ జాబును రెండుమాఱులు చదివితిమి. మొదటిమాఱు "ఒక్కడనే" అను మాట మమ్ము భయపెట్టెను. రెండవమాఱు "తెలియనీయకండి" అను మాట అంతకంటె నెక్కువగా భయపెట్టెను.

ఆ దేశపు విస్తీర్ణము పటము చూచి తెలిసికొనదగినది కాదు. పశ్చిమ ఆస్ట్రేలియా ఒక్కటియే 25 లక్షల చదరపు కిలోమీటర్లకు మించిన నేల. మన భారతదేశమంతయు కలిసి సుమారు 33 లక్షలు. అంత నేలమీద నుండువారు 30 లక్షల ప్రాంతము. అందును పదుగురిలో ఎనమండుగురు పెర్తు చుట్టుపట్లనే కాపురము. తక్కిన భూమిని వారు అవుట్‌బ్యాక్ అందురు. ఊరు దాటిన అడవి కెల్ల బుష్ అని పేరు. మన నల్లమలవలె కొండ, లోయ, ఏరు అను గుఱుతులు అందులో నన్నిచోట్ల నుండవు. పెక్కు తావుల నేల పళ్లెమువలె చదునుగా నుండి, తుమ్మజాతి పొదలును, యూకలిప్టస్ చెట్లును కనుచూపు మేర నొకేరీతిగా వ్యాపించియుండును. కాగితపు మిల్లుల కొఱకు మన మెట్టపొలములలో పెంచుచున్న జామాయిలు చెట్టునకు పుట్టినిల్లు ఆ దేశమే. జామాయిలు తోట నడిమికి పోయి, కన్నులు మూసికొని రెండు చుట్లు తిరిగి, మరల తెఱచి చూచినవారికి మా మాట బోధపడును. ఇక పటముపై నీలిగీతగా నున్నది నేలపై ఒట్టి ఇసుక. సరస్సు అని వ్రాసిన చోట తఱచుగా ఉప్పు.

ఇట్టిచోట మనుష్యుడు తప్పిపోవుటకు పులియో, దొంగయో అక్కఱలేదు. చక్రము ఇసుకలో దిగబడుట చాలును. ఆపిమ్మట జరుగునది ఒక్కటియే: కూర్చుండి యుండుట కంటె నడచుట మేలని తోచును. కష్టములో చేతులు ముడుచుకొని కూర్చుండుట మనకు పిఱికితనముగా కనబడును గదా! కాని ఆ దేశపు రక్షకభటులు పదేపదే చెప్పు మాట, వాహనమును విడువవద్దు అనునదే. ఆకాశమునుండి చూచువానికి కారు కనబడును, మనిషి కనబడడు. కారులో నీరుండును, దాని క్రింద నీడ యుండును. ఎండలో నడచువాని నీరు చెమటయై పోవును. 2025లో తప్పిపోయిన ఆ యువతి వాహనము పల్లమునకు జారినపుడు తలకు దెబ్బతగిలి, ఆ కలతలో దానిని విడిచి నడచెను. వాహనము విమానమునుండి కనబడిన మఱునాడుగాని ఆమె కనబడలేదు. అప్పటికామె దానికి సుమారు 24 కిలోమీటర్ల దూరమున నుండెను. తల దిమ్మెక్కినవారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. తల సరిగా నున్నవారును అట్లే చేయుదురని చెప్పుటకే దీనిని వ్రాసితిమి.

తప్పిపోవుటయందు ఒంటరితన మెంత, మాట యందకపోవుట యెంత? దీనిని తూచి చూచుటకు ఆ దేశపు చరిత్రలో ఒక పెద్ద కథ యున్నది. అది ఒంటరివాని కథ కాదు, ఆర్భాటముగా బయలుదేఱిన దండు కథ. అందుచేతనే దానిని చెప్పుచున్నాము.

1860 ఆగష్టు 20వ తేదీని మెల్‌బోర్న్ నగరమునుండి బర్క్ అను నాయకుడు ఖండమును దక్షిణమునుండి ఉత్తరమునకు దాటుటకు బయలుదేఱెను. జనము వేలకొలదిగా వచ్చి సాగనంపిరి. సామగ్రి బండ్లనిండ నుండెను. ఒంటెలు కరాచీ రేవునుండి ఓడపై వచ్చినవి. వానితో మన ఉపఖండపు ఒంటెలవారు కొందఱు పోయిరి. (వీరి పేరులు చరిత్ర పుస్తకములలో చిన్న అక్షరములతో నుండుట మాకు ఎప్పుడును కష్టముగానే తోచును.) నడుమ కూపర్స్ క్రీక్ అను ఏటి యొడ్డున బ్రాహీ యనువానిని, మఱి కొందఱిని విడిదిలో నుంచి, బర్క్, విల్స్, కింగ్, గ్రే అను నలుగురు డిసెంబరు 16న ఉత్తరముగా సాగిరి. మూడు మాసములు చూడుడని చెప్పి పోయిరి. విడిదివారు నాలుగు మాసములకు పైగా చూచిరి.

ఉత్తర సముద్రపు ఆటుపోటుల నీటివఱకు పోయి మరలివచ్చునపుడు గ్రే దారిలో మరణించెను. బలహీనులైన ముగ్గురును ఒక దినమంతయు నిలిచి అతనిని పాతిపెట్టిరి. 1861 ఏప్రిల్ 21 సాయంకాలము విడిది చేరి కేక వేసిరి. బదులు పలికినవారు లేరు. బ్రాహీ ఆ ఉదయముననే విడిది యెత్తివేసెను! ఒక చెట్టు బోదెపై "త్రవ్వుము" అను అర్థమిచ్చు మాట చెక్కి, దాని క్రింద కొంత ఆహారమును, ఒక చీటిని పాతి పోయెను. పాఠము చెప్పునపుడు ఇక్కడికి వచ్చుసరికి పిల్లలు "అయ్యో, ఒక్క దినము!" అని తప్పక అందురు. గ్రేను పాతిపెట్టుటకు పట్టిన దినమునే వారు లెక్కించుచున్నారు. ఆ దినమును వృథాయైన దినముగా లెక్కించుటకు మాకు మనస్సు ఒప్పదు.

వారిని చంపినది ఆ దినము కాదు, ఆపిమ్మట జరిగినది. ముగ్గురును ఆహారమును త్రవ్వి తీసికొని, తాము వేఱొక దిక్కుగా పోవుచున్నామని చీటి వ్రాసి ఆ గోతిలోనే పెట్టి, ఎవరును త్రవ్వినట్లు కనబడకుండ మన్ను సరిచేసిరి. చెట్టుపై మాత్రము క్రొత్త గుఱుతు పెట్టలేదు. మే 8న బ్రాహీ మనస్సు నిలువక మఱియొకనితో తిరిగి వచ్చెను. చెట్టు తాను విడిచినట్లే యున్నది, నేల తాను విడిచినట్లే యున్నది. పావుగంట నిలిచి, త్రవ్వి చూడకయే వెడలిపోయెను. వారు రాలేదని అతని నమ్మకము. తానును ఏ గుఱుతును పెట్టలేదు. మే మాసాంతమున విల్స్ నడచి అదే చెట్టునొద్దకు వచ్చి చూచెను. ఎవరును రాలేదని అతడును నమ్మెను. ఒకే చెట్టు, ఒకే గొయ్యి. ఈవలి వారును వచ్చిరి, ఆవలి వారును వచ్చిరి. ఒకరు వచ్చినట్లు ఒకరికి తెలియలేదు. కత్తితో నాలుగు గీతలు గీచుటకు ఎంతసేపు పట్టును? జూన్ నెల చివరి ప్రాంతమున బర్క్, విల్స్ ఇరువురును ఆకలిచే మరణించిరి.

కింగ్ బ్రతికెను. అతడు బ్రతికినది ఒంటరియైన పిమ్మటనే. ఆ ఏటి యొడ్డున యాండ్రువాండ్ర యను జాతివారు తరతరములుగా కాపురమున్నారు. వారు చేపలు తెచ్చి యిచ్చినపుడు బర్క్ వారిని దొంగలుగా శంకించి తలలపైగా తుపాకి ప్రేల్చెను. తన ఇద్దఱు పెద్దలును పోయిన పిమ్మట కింగ్ వారి గుడిసెల వెంట తిరిగి, వారికి చేతనైన సాయము చేయుచు, వారు పెట్టినది తినుచు, సెప్టెంబరు 15న వెదకవచ్చినవారికి దొరకువఱకు బ్రతికెను. ఆ ప్రాంతమున నార్డూ అను నీటిమొక్క కాయలను పిండి చేసి తిందురు. దొరలు కూడ తినిరి. కడుపు నిండినను కాళ్లలో సత్తువ పోయినది. ఆ జాతి స్త్రీలు కాయలను వేచి, దంచి, నీట కలుపు పద్ధతిలో దాని దోషము పోవుననియు, పద్ధతి తెలియక తిన్నవారికి బి1 విటమిను నశించి బెరిబెరి వంటి వ్యాధి కలిగెననియు నేటి శాస్త్రజ్ఞులలో పలువురి యభిప్రాయము. శూన్యమైన ఎడారి అని మనము చదువు ఆ భూమిలో మనుష్యులు 50,000 ఏండ్లకు పైగా కాపురమున్నారు. వారికి ప్రతి నీటిగుంటకును పేరుండెను. పేర్లు తెలియనివానికే అది శూన్యము.

లాసెటర్ అనువాని సంగతియు నిట్టిదే. పూర్వమెప్పుడో తాను చూచితినని చెప్పిన బంగారపు గుట్టను వెదకుటకు 1930లో ఒక దండుతో బయలుదేఱెను. దండు చీలిపోయెను, తుదకు రెండు ఒంటెలతో ఒక్కడే మిగిలెను. అవియు బెదరి సామానుతో పాఱిపోయెను. పిజ్జన్‌జాజార ప్రజలు కొంతకాలము అతనికి తిండి పెట్టిరి. సుమారు 25 దినములు ఒక గుహలో నుండి, పిమ్మట నడచుచు 1931 జనవరి చివరి ప్రాంతమున మరణించెను. మార్చిలో అతని శరీరము దొరకెను. భార్యకు వ్రాసి, చేర్చలేక పోయిన మాటలును అతని కాగితములలో దొరకెను. బంగారము నేటివఱకు దొరకలేదు. మా పూర్వవిద్యార్థి పోదలచిన బాట ఆ గుహ ప్రక్కనుండియే పోవును. ఈ సంగతి అతనికి వ్రాయవలయునా, వలదా అని మేము కొంత తటపటాయించితిమి, వ్రాసితిమి.

ఒంటరితనమునే కోరి పోయినవారును కలరు. 1999లో ఒక విదేశీయుడు గ్రేట్ శాండీ ఎడారిలోనికి సైకిలుతో పోయి, దానిని విడిచి కాలినడకను సాగి, 43 దినముల తరువాత ఒక వార్తాసంస్థ హెలికాప్టరువారి కంట పడెను. బురదనీరును, మొక్కలును అతని ఆహారము. ఏకాంతమున దేవునితో సమాధానపడుటకు పోయితినని తరువాత చెప్పినట్లు పత్రికలు వ్రాసినవి. ఎడారిలో నలువది దినములనగానే మా వంటివారికి జ్ఞాపకము వచ్చునది వేఱు గనుక, అతనిని పరిహసించుటకు మాకు నోరు రాదు. అయినను అతని కొఱకు ఆకాశమున తిరిగినవారును, నేలను జల్లెడపట్టినవారును, ఇంటివద్ద నిద్రలేక యున్నవారును అతని ఏకాంతమునకు వెల చెల్లించిరి. దేవునితో మాటలాడబోవువాడు మనుష్యులతో ఒక మాట చెప్పి పోవుట ఏకాంతమునకు భంగము కాదు.

ఒంటరిగా పోయి క్షేమముగా వచ్చినవారి పేర్లు మనము జ్ఞాపకముంచుకొనము. 1977లో రాబిన్ డేవిడ్‌సన్ అను యువతి ఆలిస్ స్ప్రింగ్స్ నుండి హిందూ మహాసముద్రపు టొడ్డువఱకు, నాలుగు ఒంటెలతో, ఒక కుక్కతో, సుమారు 2,700 కిలోమీటర్లు నడచెను. అంతకుముందు ఒంటెలను పట్టుట, కట్టుట నేర్చుకొనుటకే ఏండ్లు గడపెను. కొంతదూరము ఆ భూమికి చెందిన పెద్దాయన యొకడు ఆమెకు తోడు నడచెను. ఆడుపిల్ల యేల పోవలయునని అడిగిన మా మిత్రునికి ఈమె సంగతి చెప్పితిమి. ఆయన ఇంకను సమాధానపడలేదు.

వెదకువారిని గూర్చియు ఒక మాట. 1864 ఆగష్టులో విక్టోరియా రాష్ట్రమున నాటిముక్ అను చోటికి చేరువను తొమ్మిది, ఏడు, మూడేండ్ల ప్రాయము గల తోబుట్టువులు మువ్వురు చీపురుపుల్లల కొఱకు అడవికి పోయి దారి తప్పిరి. ఏడేండ్ల జేన్ తన గౌను విప్పి చిన్నతమ్మునికి కప్పెనట. తండ్రియు, ఇరుగుపొరుగువారును జాడ పట్టలేకపోయిరి. వాన కురిసి అడుగులు చెరిగినవి. అప్పుడు ఆదిమవాసులగు జాడగాండ్రను పిలిపించిరి. వంగిన గడ్డిపోచను, విఱిగిన పుల్లను చదువుకొనుచు వారు పోయి తొమ్మిదవ దినమున పిల్లలను మువ్వురిని సజీవులుగా చూపిరి. ఆ జాడగాండ్రలో ఒకడు 1868లో ఇంగ్లండునకు పోయి ఆడిన ఆదిమవాసుల క్రికెట్టు జట్టులో ఆటగాడు. మన పిల్లలకు క్రికెట్టు వీరులను గూర్చి చెప్పనక్కఱ లేదు గాని, ఈ వీరుని ఎవరును ఎఱుగరు.

మాట అందని దూరమును జయించుట కొఱకు ఆ దేశమున పాటుపడినవారిలో జాన్ ఫ్లిన్ అను ప్రెస్బిటీరియను బోధకుడు ముఖ్యుడు. 1917లో హాల్స్ క్రీక్ అను మారుమూల ఊరిలో పశువులకాపరి యొకడు గుఱ్ఱముతోగూడ పడి లోపల దెబ్బ తగిలి యుండగా, వైద్యుడు లేక, తపాలా అధికారియే పెర్తు నగరపు వైద్యుడు తంతిమీద చెప్పుచున్న మాటలను బట్టి చేతికత్తితో శస్త్రచికిత్స చేసెను. వైద్యుడు ఓడమీద, కారుమీద దినములకొలది ప్రయాణము చేసి వచ్చుసరికి రోగి ముందునాడే మరణించి యుండెను. ఫ్లిన్ ఈ బాధను మఱవలేదు. 1928 మే 17న క్లోంకరీ ఊరినుండి మొదటి వైద్యవిమానము లేచెను. మఱుసటి యేట ట్రేగర్ అను యంత్రశిల్పి కాళ్లతో త్రొక్కి విద్యుత్తు పుట్టించు రేడియోను నిర్మించెను. దిక్కులేని పశువుల మందలవద్ద కాపురముండు గృహిణి కుట్టుమిషను త్రొక్కినట్లు దానిని త్రొక్కి, వందల మైళ్ల ఆవల నున్న వైద్యునికి కబురు పంపగలిగెను. 1951లో ఆ రేడియో మీదనే ఆలిస్ స్ప్రింగ్స్ నుండి పిల్లలకు పాఠములు చెప్పు బడియు పుట్టెను. నేడు చేతిలో ఇముడు సంకేతయంత్రములు అంగళ్లలో దొరకుచున్నవి. మీట నొక్కినచో ఉపగ్రహముల మూలమున ఆపద కబురు అందును. యంత్రమును కొనినవాడు తన పేరును, ఇంటివారి పేరును ముందుగా నమోదు చేసికొనవలయును. ఎంత యంత్రమైనను, "నీవారెవరు?" అని ముందుగా అడుగును, చూచితిరా!

ఇక మా తప్పును చెప్పవలసియున్నది. ఆ జాబు వ్రాసిన అబ్బాయి ఎనిమిదవ తరగతిలో నున్నప్పుడు ఒక శనివారము మావద్దకు వచ్చి, "మాస్టరుగారూ, ఊరి వెనుకటి కొండ యెక్కి వచ్చెదను" అనెను. ఒక్కడవే పోయెదవా యని అడిగితిమి. అవుననెను. మఱునాటి ప్రార్థన వరుసలో అతనిని ముందు నిలువబెట్టి, ఇట్టి సాహసములు చేయదలచువారి గతి యిది యని అందఱియెదుట చీవాట్లు పెట్టితిమి. పిల్లలు నవ్విరి. మేము క్రమశిక్షణ నేర్పితిమనుకొంటిమి. ఒక నెల తిరుగకముందే అతడు పోయెను, ఈసారి చెప్పక పోయెను. రాత్రి భోజనపు వరుసలో విస్తరి ఖాళీగా నుండెను. లాంతరులు పట్టుకొని చెఱువు గట్టున వెదకితిమి, రైలుకట్ట వెంట వెదకితిమి, బావులలోనికి వంగి చూచితిమి. కొండమాట ఎవరికిని తోచలేదు. మాకు తోచవలసియుండెను, తోచలేదు. చీవాట్లతో ఆ కోరిక చచ్చినదని మా నమ్మకము. చీలమండ బెణికి రాతిసందున పడియున్నవానిని తెల్లవాఱి మేకలకాపరి భుజముమీద వేసికొని తెచ్చెను. "చెప్పి పోవలదా, నాయనా?" అని మేమడిగితిమి. అతడు మావైపు చూచి ఊరకుండెను. ఆ చూపునకు అర్థము మాకు ఇన్నేండ్లకు, "నాయనగారికి తెలియనీయకండి" అను వాక్యము చదివిన నాడు తెలిసినది.

పిల్లలు చెప్పక పోవుటకు వారి గర్వము సగము కారణమైనచో, చెప్పినవారికి మనమిచ్చు బహుమానము తక్కిన సగము. వార్తలో ఒక యువతి తప్పిపోయెనని చదివి మేము గదిలో చేసిన తీర్పులను ఆ గుమ్మము దగ్గఱ నిలిచిన పిల్లలు వినుచునే యుందురు. "ఒంటరిగా పోరాదు" అని వారు వినరు. "పోయెదనని వీరితో చెప్పరాదు" అని విందురు. మన యూళ్లనుండి నేడు ఎందఱో బిడ్డలు ఆ దేశమునకు చదువులకు పోవుచున్నారు. 2024నుండి పని చేయుచు దేశము చూచుటకు వచ్చు మన యువకులకు ఏటేట వేయి అనుమతులు కూడ ఆ ప్రభుత్వము చీట్లు తీసి యిచ్చుచున్నది. వారిలో కొందఱు తప్పక ఆ ఎఱ్ఱమట్టి బాటలు పట్టుదురు. కాళ్లను మనము ఇక్కడినుండి కట్టలేము. వారు మనతో నిజము చెప్పునట్లు మాత్రము చేయగలము, అదియు తిట్టు మ్రింగగలిగినచో.

అందుచేత మేము అతనికి పోవద్దని వ్రాయలేదు. రహస్యమును దాచెదమనియు వ్రాయలేదు. "నాయనా, ఎనిమిదవ తరగతిలో చెప్పి వచ్చినవానిని తిట్టినది మా తప్పు. ఇప్పుడు మీ నాయనగారితో నీవే చెప్పుము. నీకు కష్టమైనచో మేమును ఆ సమయమున మీ యింట నుందుము. చెప్పిన పిమ్మట ఏ దినమున ఏ ఊరు చేరెదవో కాగితముమీద వ్రాసి ఇద్దఱికిని పంపుము" అని వ్రాసితిమి. అతడు చెప్పెను. మేము ఆ సాయంకాలము వారి యింటిలోనే యుంటిమి. తండ్రి తిట్టినమాట నిజమే, అమ్మ ఏడ్చినమాటయు నిజమే. ఒక గంట యైన పిమ్మట తండ్రి కండువాతో ముఖము తుడుచుకొని, "నీళ్లెన్ని తీసికొని పోవుచున్నావురా?" అని ఫోనులో అడిగెను. అంతవఱకు ఆ పిల్లవాడు నీళ్ల లెక్క వేయనేలేదు.

ఆ తండ్రి పూర్వము లారీ నడిపినవాడు. మాకు తెలియని ప్రశ్నలు ఆయన అడిగెను: అదనపు చక్రములు రెండా, ఒకటా, ఇసుకలో దిగినచో గాలి ఎంత తీయవలయును, ఒక పెట్రోలు దుకాణమునకును, మఱియొకదానికిని ఎంత దూరము. దూరము 200 మొదలు 300 కిలోమీటర్ల వఱకు నని తెలిసినపుడు ఇంటిలో కొంతసేపు మాట లేదు. లావర్టన్ నుండి యులారా వఱకు మొత్తము సుమారు 1,100 కిలోమీటర్లు, చాలవఱకు మట్టిబాట. అది ఆదిమవాసుల భూమి మీదుగా పోవును గనుక వారి సంస్థలనుండి రెండు అనుమతి పత్రములు తీసికొనవలయును. అదియు మంచిదే యని మాకు తోచినది. ఒకరి యింటిలోనుండి పోవునపుడు అడిగి పోవుట మర్యాద, పైగా ఫలానావాడు ఈ దారిని పోయెనని ఇంకొక చోటను వ్రాసియుండును. సంకేతయంత్రమునకు తండ్రియే డబ్బు పంపెను.

అతడు పంపిన కాగితము మా బల్లపై అద్దము క్రింద నున్నది. లావర్టన్, త్జుకాయిర్లా, వార్బర్టన్, వారాకుర్నా, కల్టుకజార, యులారా అని ఆఱు పేరులు, ప్రక్కన తేదీలు. ప్రతి చోటనుండియు రాత్రి, మనకు ఏడు గంటలకు, ఒక మాట చెప్పవలయును; మఱునాటి మధ్యాహ్నమువఱకు మాట రానిచో ఎవరికి తెలుపవలయునో ఆ ఫోను సంఖ్య అడుగున ఎఱ్ఱసిరాతో వ్రాసెను. నిన్న ఏడున్నరవఱకు ఫోను మ్రోగలేదు. వారి నాయనగారు మా యింటికి వచ్చి అరుగుమీద కూర్చుండిరి, మేమును కూర్చుంటిమి. ఏడుగంటల నలువది నిమిషములకు మ్రోగెను. "మాస్టరుగారూ, వార్బర్టన్ చేరితిని. దారిలో ఒంటెల మంద అడ్డువచ్చి ఆలస్యమైనది. నాయనగారు అక్కడనే యున్నారా?" అనెను. ఫోను ఆయన చేతికిచ్చి, కాగితముమీద మూడవ పేరు ప్రక్కన పెన్సిలుతో గుఱుతు పెట్టితిమి. ఇంకను మూడు పేరులున్నవి.